ఇతరములు

టెక్కలి ఆస్పత్రి, ఆడవాళ్ళ వార్డు.
చేతిలో పలకలాంటిది పెట్టారు.
నా చిన్నప్పటి పలక ఉమ్మితే చెరిగేది,
దీనికి పాస్‌వర్డు కావాలి.

నేర్పడానికొచ్చిన కుర్రాడు కోరాడ హేమసుందర్,
మా చిన్నాడి కన్నా రెండేళ్ళు చిన్న.
"నొక్కకండి సిస్టర్, తాకితే చాలు" అంటాడు.
ఇరవయ్యేడేళ్ళు నొక్కి నొక్కి
నరం వెతికిన వేళ్ళు బాబూ ఇవి,
తాకి ఊరుకోవడం వాటికి కొత్త.

సెలైను బాటిలు కింద నిలబడి
గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టడమే
నా ఉద్యోగం అనుకున్నాను ఇన్నాళ్ళూ.
ఇప్పుడో డబ్బా లెక్కపెడుతుంది,
తేడా వస్తే కూత పెడుతుంది.
అయినా నా పెదాలు ఆగవు:
పద్నాలుగు, పదిహేను...
పక్కమంచం పిల్ల అడిగింది,
జపం చేస్తన్నావేటి మేడమని.

ఒక మాట ఒప్పుకోవాలి, ఎవరికీ చెప్పలేదు.
పాత రిజిస్టర్లలో తుపాను రాత్రి పేజీ ఒకటుంది.
ముప్పై రెండు మంచాలు, నేనొక్కదాన్ని,
కరెంటు లేదు, కిటికీ రెక్క ఊడి కొట్టుకుంటోంది.
రెండు గంటలకి చూడాల్సిన బీపీలు
నాలుగింటికి కూర్చుని రాశాను,
అందరికీ ఒకటే, నూట ఇరవై బై ఎనభై.
ముత్యాల్లాంటి దస్తూరి.
ఎవరూ పోలేదు. వాళ్ళ అదృష్టం.
ఈ పలక అలా రాయనివ్వదు,
ఏ నిమిషాన తాకానో ఆ నిమిషమే వేస్తుంది.
అది తెలిసిన రోజు దీని మీద గౌరవం కలిగింది,
మా పాత హెడ్ సిస్టరు దీనమ్మగారి
చెప్పుల చప్పుడు వింటే కలిగేలాంటిది.

నిన్న నౌపడ నుంచి పారమ్మ వచ్చింది,
ఉప్పు మళ్ళలో పనిచేసే మనిషి.
మిషను ఆమె బొటనవేలు పట్టలేదు.
చీరకి తుడిచి ఒకసారి,
తలనూనె అంటించి ఒకసారి.
గీతలన్నీ ఉప్పు తినేసింది.
"నాకు ఏలు నేదేటమ్మా?" అని నవ్వింది.
మిషనే చెడిందేమోనని నా వేలు పెట్టాను.
నాదీ పట్టలేదు.
స్పిరిట్టు, డెటాలు, పూటకి నలభైసార్లు కడుగుడు.
అందుకే కదా ఆర్నెల్లుగా
మొహం చూపించి హాజరు వేయించుకుంటున్నాను.
ఒకరి బొటనవేలు ఒకరం పట్టుకు చూసుకున్నాం.

ఏం బాధ అన్నాను.
"ఏటో నాగుందమ్మా.
గుండికాయ కాడ ఎవులో కూకున్నట్టు."
నొప్పా? కాదు.
ఆయాసమా? అదీ కాదట.
కూకున్నట్టు, అంతే.
పలక నిండా పెట్టెలు:
జ్వరం, దగ్గు, వాంతులు, ఛాతీనొప్పి.
అన్నిటికీ అడుగున, వేలు జరిపితేగానీ
కనబడని పెట్టె, ఇతరములు.
ఖాళీగా వదిలెయ్యొచ్చని హేమసుందరే చెప్పాడు.

ఒక్క వేలితో అక్షరాలు ఏరాను.
గుడి దొరికితే సున్నా దొరకదు,
వత్తు ఎక్కడో దాక్కుంది.
ఆమె అన్నది అన్నట్టే కొట్టాను,
కూర్చున్నట్టు అని దిద్దలేదు.
నలభై అక్షరాలే పడతాయట.
సరిపోయాయి.

తర్వాత వైర్లు అంటించాను.
కాగితం మీద గీత కొండలెక్కి
ఒకచోట దిగడం మానేసింది.
ఫొటో తీసి పంపిన పదకొండో నిమిషాన
శ్రీకాకుళం నుంచి పెద్ద డాక్టరు ఫోను.
"ఛాతీనొప్పి టిక్కు లేదే,
ఈసీజీ ఎందుకు తీశారమ్మా?"
"కిందకి జరపండి సార్" అన్నాను,
"ఇతరములు చదవండి."
అటు కాసేపు మాట లేదు.
ఆ తర్వాత మందు పేరు, మోతాదు,
బండి ఎక్కించమన్న కేక.

బండి వెళ్ళింది. కబురింకా రాలేదు.
పలక ఆరిపోయాక నల్లటి అద్దం మీద
చెమటా ఉప్పూ కలిసిన మరకొకటి,
నాదో, ఆమెదో.
మిషను పట్టనిది అద్దం పట్టుకుంది.

తుడిచేశాను.
తొమ్మిదో మంచానికి టైమైంది.